తరుగు తీయని బరువు

నాకు నీళ్ళ మీద నిలబడాలనిపించింది. కూర్చోవాలని కాదు, పడుకుని తేలాలని కాదు. నిలబడాలని, అదీ నిటారుగా. నవ్వు వచ్చేవాళ్ళు కొంచెం ఆపుకోండి, ముందు ముందు నవ్వాల్సింది ఇంకా చాలా ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. చోడవరంలో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మనిషిని బాగా పొడుగు. పొడుగుకు తగ్గ ఒళ్ళు, ఆ తగ్గడం దాటి ఇంకాస్త ఒళ్ళు. బరువు వంద దాటిందని మాత్రం చెబుతాను. ఎంత దాటిందో చెప్పను. ఈ గొడవంతా ఆ అంకె గురించే అయినా సరే, చెప్పను. నేను ఎక్కితే ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, "మేడమ్, మద్దిలో కూసోండి" అంటాడు. పెళ్ళిళ్ళలో అందరికీ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. నాకు మాత్రం నేను అడక్కుండానే ఒకదాని మీద ఇంకొకటి వేసి తెస్తారు. మర్యాదే అనుకోండి. ఆ మర్యాదకు ఒళ్ళు మండుతుంది, మండుతూనే కూర్చుంటాను.

బరువు సంగతి అలా ఉంచండి, నా అసలు బాధ పొడుగు. చిన్నప్పుడే వంగి నడవడం అలవాటైంది. పెళ్ళయ్యాక అది ముదిరింది, ఎందుకంటే మా ఆయన నా భుజం దాకా వస్తారు. సన్నటి మనిషి, చురుకైన మనిషి, ఒకచోట నిలవని మనిషి. చర్చికి వెళ్ళినా, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ఆయన పక్కన నడిచేటప్పుడు నా మెడ ముందుకు వచ్చేస్తుంది, భుజాలు లోపలికి పోతాయి, నడుం కుంగుతుంది. ఆయన ఎప్పుడూ వంగమనలేదు. నాకు నేనే ఆయన పక్కన సరిపోయేలా కుదించుకున్నాను. కొన్నేళ్ళకి ఆయన పక్కన లేనప్పుడు కూడా అలాగే ఉండిపోయాను. క్లాసులో నల్లబల్ల మీద కూడా మధ్య నుంచి కిందికే రాస్తాను. పై సగం ఎప్పుడూ ఖాళీ. పిల్లలు అడగరు, నేను చెప్పను.

ఇలా ఉండగా ఒక వేసవిలో మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం బస్సు మాట్లాడుకుని విశాఖ వెళ్ళాం. పులిహోర డబ్బాలు, మంచినీళ్ళు, ఒక ఢోలక్కు. పాటలు పాడుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ సముద్రం ఒడ్డుకు చేరాం. అక్కడ కెరటాలు లేని మూల ఒకటుంది. ఆ మూలన నీళ్ళ మీద ఒక పొడుగాటి పలక, పలక మీద ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో పొడుగు తెడ్డు. తొందరేమీ లేదు, తెడ్డు ఒకసారి వేస్తుంది, కాసేపు ఊరికే నిలబడుతుంది, మళ్ళీ వేస్తుంది. ఆవిడ మొహం నాకు గుర్తు లేదు. వీపు గుర్తుంది. నిట్టనిలువుగా ఉన్న ఆ వీపు చూసి నాకు పట్టరాని అసూయ పుట్టింది. నీళ్ళ మధ్యన పక్కన ఎవరూ ఉండరు. పక్కన ఎవరూ లేకపోతే ఎవరి కోసం వంగాలి? ఒక్కసారి, ఒక్కచోట, దేవుడిచ్చిన పొడుగంతా వాడుకుని నిలబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మిగతా ఆడవాళ్ళు మొక్కజొన్న పొత్తుల బేరంలో ఉంటే నేను తిన్నగా పలకలు అద్దెకిచ్చే ఆయన దగ్గరకు వెళ్ళాను.

ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. చూడటానికి కొంత సమయం పట్టింది. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: "మేడమ్, మీకు కూసునే పడవ ఇస్తాను. ఇద్దరు కూసునేది. మీరొక్కరే కూసోండి, డబుల్ అడగను."

వెనక మా వాళ్ళు పకపకా నవ్వారు. నాకు చెవుల దాకా వేడెక్కింది. బస్సులో తిరిగి వస్తుంటే మా పాస్టరమ్మ గారు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "నీళ్ళ మీద నడిసినప్పుడు పేతురు గారు మునిగింది బరువుకి కాదమ్మా, బయానికి" అన్నారు.

"ఆయన బరువెంతో బైబిల్లో రాయలేదు కదండీ" అన్నాను.

అంతే, బస్సంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నిర్ణయించుకున్నాను: ఎవడి పలకా నాకక్కర్లేదు, నా పలక నేనే కొనుక్కుంటాను.

మా ఆయనకు చోడవరంలో టైర్ల షాపు. చెరుకు లారీలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు, అన్నిటి టైర్లూ ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. విషయం చెప్పగానే, "ఎందుకది?" అన్నారు. అసలు కారణం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మీ పక్కన వంగి వంగి నడుం పోయిందండీ, అని ఎలా చెప్పను? వ్యాయామానికి అన్నాను. "గాలితో ఉబ్బుతాదా?" అన్నారు. అవునన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. గాలి పట్టే వస్తువు ఏదైనా ఆయనకు బంధువే. "కొనేద్దాం" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక విశాఖలో ఈ పలకలు అమ్మే ఒకావిడకు ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి ఫోన్ బియ్యం డబ్బా మీద ఉంచాం. గట్టి మనిషి, ఒక్క మాట వృథా చేయదు.

"ఎవరు ఎక్కుతారు సార్?"

"మా ఆవిడ."

"బరువెంత?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను తిరుగుతోంది. "కనుక్కుని సెప్తామండి" అన్నారాయన.

"ఎత్తు?"

"ఐదూ తొమ్మిది" అన్నారు వెంటనే, తడుముకోకుండా. నా ఎత్తు ఆరడుగులు. ఇన్నేళ్ళలో ఆయన చూసిన నేను ఐదూ తొమ్మిదే కాబట్టి ఆయన అబద్ధం చెప్పలేదు. నేను సరిదిద్దకుండా మళ్ళీ ఫ్యాను వైపే చూశాను.

తర్వాత ఆవిడ లీటర్లు, అంగుళాలు చెప్పడం మొదలుపెట్టింది. నాలోని ఫిజిక్స్ టీచరు ఊరుకోలేదు. "ఒక్క నిమిషమండీ. లీటరు నీళ్ళను పక్కకు నెడితే కిలో బరువు తేలుతుంది. మీ పలక మూడు వందల లీటర్లన్నారు. అంటే ఇంచుమించు మూడు వందల కిలోలు తేలాలి. మరి మనిషి బరువు నూట ముప్పై కిలోలు దాటొద్దంటారేం?"

"తేలడం వేరు మేడమ్, మిమ్మల్ని నిలబడనివ్వడం వేరు" అంది ఆవిడ. "పలక మునగదు. కానీ నీళ్ళలోకి బాగా దిగిపోతే అది మీ మాట వినదు, మిమ్మల్ని తోసేస్తుంది. పొడుగైన వాళ్ళకి బరువు పైన ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా తోసేస్తుంది. అందుకని మీలాంటి వాళ్ళకి వెడల్పు ముఖ్యం. మందం ఆరంగుళాలకు తగ్గకూడదు, తగ్గితే మధ్యలో కుంగుతుంది. రాసిన బరువుకి మీ బరువు బాగా లోపల ఉండాలి, అంచున ఉండకూడదు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన పెదవి విరిచారు. "లిమిట్టంటే కంపెనీవోడు బయపడి రాసేది. మన సెరుకు లారీలు సూడ్లేదేటి? రాసిందొకటి, ఎక్కించేదొకటి. అన్నీ ఫేక్టరీకి ఎల్తన్నాయా లేదా?"

"ఎన్ని మీ షాపుకొస్తున్నాయో కూడా చెప్పండి" అన్నాను.

ఆవిడ రెండు పలకల ఫోటోలు పంపింది. ఒకటి చిన్నది, లేత మావిడి పిందె రంగు, అంచుల్లో తెల్ల చార. చూడగానే మనసు పడిపోయాను. రెండోది చాలా వెడల్పు, చాలా పొడుగు, బూడిద రంగు. అచ్చం నీళ్ళలోంచి లేచిన గేదె. "బరువు తెలిస్తే ఏదో చెబుతాను" అని కింద రాసింది. నాకు పిందె కావాలి. గేదె వద్దు. ఇక మిగిలింది నా బరువు తెలుసుకోవడమే.

ఇంట్లో చిన్న మిషను ఒకటుంది. నేనెక్కితే అంకె చూపించదు, ఇంగ్లీషులో ఒక అక్షరం చూపించి ఆరిపోతుంది. స్కూల్లో తూచుకుంటే మరుసటి రోజుకి పదో తరగతి పిల్లలందరికీ తెలుస్తుంది. "మా బాబాయి దగ్గిర కాటా ఉంది, ఎల్దాం పద" అన్నారు మా ఆయన.

ఆ బాబాయి గారు, అంటే మా చిన్నమావయ్య గారు, రోలుగుంటలో ఉంటారు. చెరుకు గానుగ ఉంది, బెల్లం వండుతారు. తన చెరుకు సరిపోదు కాబట్టి చుట్టుపక్కల రైతుల దగ్గర కూడా తూచి కొంటారు. పాక కింద పెద్ద ఇనప కాటా ఉంటుంది, ఎర్ర అంకెలు ఆయన వైపు వెలుగుతాయి. జీవితంలో సగం ఆ అంకెల ముందే గడిపిన మనిషి. నన్ను తూచాలంటే నవ్వలేదు. కాటా మీద చెరుకు పొట్టు చీపురుతో ఊడ్చి, "ఎక్కమ్మా" అన్నారు, మంచం మీద కూర్చోమన్నట్టు.

చెప్పులు విప్పి ఎక్కాను. ఊపిరి బిగబట్టాను, దానివల్ల బరువు తగ్గదని ఏటా పిల్లలకు చెప్పేదాన్నే అయినా. ఆయన అంకెలు చూశారు, కళ్ళు మూసుకున్నారు, పెదాలు కదిలాయి. నా కోసం ప్రార్థన చేస్తున్నారనుకుని నేను కూడా తల వంచాను. తర్వాత కళ్ళు తెరిచి ఒక అంకె చెప్పారు.

నేను భయపడిన దానికంటే బాగా తక్కువ.

నాకు ఆ నిమిషాన ఎగిరి గంతేయాలనిపించింది, కాటా ఆయనది కాబట్టి ఊరుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను నేనే అనుమానించుకున్నానన్నమాట. చూడటానికే అలా ఉంటాను, లోపల తేలికన్నమాట. ఆ సంతోషంలో ఆయన పెట్టిన బెల్లం ముక్క వద్దనకుండా తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు వడ్డాదిలో బండి ఆపించి మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా ఆయన రెండు తిని ఆపేశారు, మిగతావి వృథా చేయడం నాకిష్టం లేదు. ఆ సాయంత్రమే అంకె పంపించాం. "చిన్నది సరిపోతుంది, కానీ అంచుకు దగ్గరగా ఉన్నారు, పెద్దదే మేలు" అని ఆవిడ రాసింది. మొదటి ముక్క వరకే చదివాను.

వానలు పడ్డాక పార్సిల్ వచ్చింది. మా ఆయన షాపు ముందరే విప్పారు. చుట్ట చుట్టిన పరుపులా ఉంది. కంప్రెసర్ పెట్టొద్దని అమ్మినావిడ గట్టిగా చెప్పడం వల్ల, దాంతో వచ్చిన చేతి పంపుతోనే గాలి కొట్టాలి. మొదట తేలిగ్గానే పోయింది. తర్వాత పంపు దిగడం మానేసింది. ఆయనేమో సన్నటి మనిషి. పంపు పిడి పట్టుకుని గాల్లోకి లేచి తన బరువంతా దాని మీద వేస్తే, పిడి కొంచెం దిగి ఆయన్ని మళ్ళీ పైకి పంపేది. టైర్లకని వచ్చినవాళ్ళు పనులు మానుకుని చూస్తున్నారు.

"ఏటి బాబూ, కొత్త రకం మంచమా?" అన్నాడొక లారీ డ్రైవరు.

"మా ఆవిడ సెరువులో నిలబడ్డానికి" అన్నారు ఈయన ఆయాసపడుతూ.

డ్రైవరు నన్ను చూశాడు, పలకను చూశాడు, ఇంకేం అడగలేదు. చివరికి నేనే పంపు తీసుకున్నాను. నా చేతి కింద అది బుద్ధిగా దిగింది. నా బరువు పనికొచ్చిన చోట్లు తక్కువ, ఇది చెప్పుకోదగ్గది. మీటరు చూసి మా ఆయన, "సాలు, ట్రాక్టరు ఎనక టైరుకి పెట్టినంత అయింది" అన్నారు. చేత్తో తడితే బల్లలా మోగింది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక రోలుగుంట వెళ్ళాం. చిన్నమావయ్య గారి పొలం పక్కనే చెరువు. లోతు నాకు ఛాతీ దాకా, మా ఆయనకు గొంతు దాకా. లైఫ్ జాకెట్ తొడుక్కున్నాను, పంజాబీ డ్రెస్సు మీద అది కట్టుకుంటే నా వెడల్పు ఇంకొంచెం పెరిగింది. పలక తాడు చీలమండకు కట్టుకున్నాను. మోకాళ్ళ మీద ఎక్కాను. పలక ఆగింది. ప్రభువా, స్తోత్రం, అనుకుని ఒక కాలు పెట్టాను. రెండో కాలు పెట్టాను. లేచాను.

పలక మధ్యలో నులకమంచంలా కుంగింది. నీళ్ళు నా కాలివేళ్ళ మీదికొచ్చాయి. మావిడి పిందె ఒకసారి కుడికి ఒరిగింది, ఎందుకో ఎడమకు మనసు మార్చుకుంది, నన్ను చెరువులో పడేసింది.

మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పడేసింది. ముందుకు పడ్డాను, వెనక్కి పడ్డాను, ఒకసారి తెడ్డును కౌగలించుకుని పక్కకు పడ్డాను. ప్రతిసారీ చెరువంతా అలలు లేచి గట్టుకు కొట్టుకునేవి. కలుపు తీతకు వెళ్తున్న ఆడవాళ్ళు గట్టు మీద ఆగిపోయారు. వాళ్ళలో ఒకావిడ, "ఏటే, టీచరమ్మ ఆదివారం నాడు అన్నిసార్లు తానం సేస్తంది?" అని అడగడం నాకు స్పష్టంగా వినిపించింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఎక్కితే ఇంకా తొందరగా పడతారని కూడా ఆ రోజే తెలిసింది.

కానీ లోపల ఒకటి తొలుస్తోంది. ఏదో తేడా ఉంది. నీళ్ళకు మొహమాటం ఉండదు. మోకాళ్ళ మీద ఆగినంతసేపట్లో, పలక నీళ్ళలోకి ఎంత దిగిందో వేలితో కొలిచాను. గట్టెక్కి, తడి బట్టలతోనే కూర్చుని, పుల్లతో బురద మీద లెక్క వేశాను. పొడవు, వెడల్పు, దిగిన లోతు. తొమ్మిదో తరగతిలో నేను ఏటా చెప్పే లెక్కే. వచ్చిన జవాబు చిన్నమావయ్య గారు చెప్పిన అంకె కంటే చాలా ఎక్కువ. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే.

ఆయన గట్టు మీదే, చేతికర్ర ఆనించుకుని, ఇదంతా ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

"మావయ్య గారూ, ఆ రోజు మీ కాటా సరిగ్గా ఉందా?" అన్నాను.

"కాటాకేటమ్మా, బంగారం."

"మరి మీరు చెప్పిన బరువు తక్కువుందండీ."

"తక్కువే ఉంటాది కదమ్మా" అన్నారాయన నిదానంగా. "తరుగు తీసేసే కదా సెప్పేను."

చెరుకు కొనేటప్పుడు మోపులో ఆకు ఉంటుంది, మట్టి ఉంటుంది, కట్టిన తాడు ఉంటుంది. వాటి కింద నూటికి ఇంత అని తగ్గించి లెక్కగడతారు. అదే తరుగు. రైతుకూ కొన్నవాడికీ ఇద్దరికీ తెలిసిన పద్ధతి. ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది ప్రార్థన కాదు, ఆ లెక్క.

"నాకు తరుగేంటండీ?" అన్నాను. గొంతు లేచింది.

"ఆకు కింద సీర తీసేను. మట్టి కింద సెప్పులు తీసేను. కట్టు కింద గొలుసూ, గాజులూ తీసేను."

"చెప్పులు విప్పే ఎక్కాను కదండీ."

"ఇప్పేవా?" ఆయన కొంచెం ఆలోచించారు. "కాలికి మట్టి ఉండదేటమ్మా?"

మా ఆయన గట్టు మీద కూలబడిపోయారు. పొట్ట పట్టుకుని, మాట రాక, చెయ్యి ఊపుతూ నవ్వుతున్నారు. నేను కోప్పడదామని నోరు తెరిచాను. "అయినా ఇంటి కోడలివి, నీకు ఎక్కువ తూసి సెప్తానేటి" అన్నారు చిన్నమావయ్య గారు, చాలా ప్రేమగా. దాంతో నా కోపం కూడా చెరువులో పడిపోయింది. బురదలో ఆయన పక్కనే కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. కలుపు తీతకు వెళ్ళాల్సిన వాళ్ళకు ఎవరో విషయం చెప్పారు, ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది.

పాక కిందికి వెళ్ళి మళ్ళీ కాటా ఎక్కాను. ఈసారి ఆయన పక్కకు జరిగి, అంకెలు నన్నే చూసుకోమన్నారు. చూసుకున్నాను. చెప్పను.

చిన్నమావయ్య గారి ఇంట్లోంచే అమ్మినావిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆ గట్టి మనిషి కూడా ఫక్కున నవ్వింది. పలక కడిగి ఆరబెట్టి పంపిస్తే పెద్దది ఇస్తానంది. "ఈసారి అసలు బరువు చెప్పండి మేడమ్, తరుగు లేకుండా." చెప్పాను. చెప్పేటప్పుడు మా ఆయన్ని బయటికి పంపించాను, ఆయన కిటికీ పక్కనే నిలబడి విని నవ్వారు.

"ఎత్తు ఐదూ తొమ్మిదేగా?" అంది ఆవిడ.

ఎందుకో ఇక అబద్ధాలు చాలనిపించింది. "కాదండీ, ఆరడుగులు" అన్నాను.

కిటికీ అవతల నవ్వు ఆగిపోయింది. మా ఆయన లోపలికి వచ్చి నన్ను చూశారు. "ఎప్పుడు పెరిగేవు?" అన్నారు.

"పెళ్ళికి ముందేనండీ."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో వడ్డాది వచ్చింది, వెళ్ళింది. ఆయన బజ్జీల మాటెత్తలేదు. బండి వెనక కూర్చున్న నేను, అలవాటు చొప్పున, ఆయన తల కంటే పైకి కనిపించకుండా మెడ వంచుకునే ఉన్నాను.

కొన్నాళ్ళకు గేదె వచ్చింది. ఉబ్బించి షాపు ముందు ఆనిస్తే సగం షట్టరు మూసుకుపోయింది. అందం చందం లేదు. కానీ చెరువులో వేసి మోకాళ్ళ మీద ఎక్కగానే తేడా తెలిసింది. నేలలా ఉంది. లేచి నిలబడ్డాను. కుంగలేదు, వేళ్ళ మీదికి నీళ్ళు రాలేదు. నా బరువంతా, తీయని తరుగుతో సహా, ఆ పలక మీద ఉంది, పలక దాన్ని ఏమీ పట్టించుకోలేదు. నాకు ఒళ్ళంతా చక్కిలిగింతలు పెట్టినట్టయింది.

అయినా పడ్డాను. మళ్ళీ ఎక్కి మళ్ళీ పడ్డాను. ఇప్పుడు పలక మీద నేరం మోపడానికి లేదు. మా ఆయన గొంతు దాకా నీళ్ళలో దిగి పలక వెనక కొస పట్టుకుని ఉన్నారు, చిన్నమావయ్య గారు గట్టు మీద ఉన్నారు. చూసేది వాళ్ళిద్దరే. అయినా నా మెడ ముందుకు వంగే ఉంది, కళ్ళు కాలివేళ్ళ మీదే ఉన్నాయి, భుజాలు లోపలికే ఉన్నాయి. తల ఎటు వాలితే అంత మనిషినీ అటే లాగుతుంది, ఇదీ నేను చెప్పే పాఠమే. పక్కన ఎవరూ లేని చోటు కోసం ఇంత పాట్లు పడి వచ్చాను, వచ్చి అక్కడ కూడా వంగే నిలబడ్డాను. అప్పటిదాకా పడ్డప్పుడల్లా నవ్విన దాన్ని, ఈసారి నీళ్ళలోంచి లేచి నవ్వలేదు. ఏడుపొచ్చింది. తడి మొహం కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను.

"ఎక్కు" అన్నారు మా ఆయన.

"నా వల్ల కాదండీ. నడుం వంగిపోయింది, ఇక రాదు."

"ఎక్కు టీచరమ్మా."

ఎక్కాను. లేచాను. పలక అటూ ఇటూ ఊగింది. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది, చిన్నగానే, నీళ్ళ మీద నుంచి. "వంగకు. కిందికి సూడకు. ఆ తాటిచెట్ల తలలు సూడు."

చూశాను. మెడ లేచింది. మెడ వెనకే భుజాలు వెనక్కి వెళ్ళాయి, ఛాతీ విచ్చుకుంది, నడుంలో ఎక్కడో టక్కుమంది. అలా లేస్తూనే ఉన్నాను, ఎంతకీ అయిపోవడం లేదు. నాలో ఇంత పొడుగుందని నాకే తెలియదు. చెరువు కిందికి వెళ్ళిపోయింది. గట్టు అవతల పొలాలు కనిపించాయి, వాటి అవతల రోడ్డు, రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు. పలక ఊగడం ఆగింది. తెడ్డు ఒకసారి వేశాను. పలక మెత్తగా ముందుకు కదిలింది. ఆయన చెయ్యి వదిలేశారని నాకప్పుడు తెలిసింది. ఇంకోసారి వేశాను. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, చూస్తే నేనే.

చెరువు మధ్యకు వెళ్ళి, ఎలా తిప్పాలో తెలియక పెద్ద చుట్టు చుట్టి, ఆయన వైపు వచ్చాను. నీళ్ళలోంచి తల ఒక్కటే కనిపిస్తోంది. ఆ తల పైకెత్తి నన్నే చూస్తున్నారు.

"ఇన్నాళ్ళూ నా గురించేనా వంగేవు?" అన్నారు.

అబద్ధం చెబుదామనుకున్నాను. నిటారుగా నిలబడి ఉంటే అది అంత తేలిగ్గా రాలేదు. "అవునండీ" అన్నాను.

ఆయన మొహం మీది నీళ్ళు చేత్తో తుడుచుకున్నారు. "ఇక నా పక్కన వంగకు" అన్నారు. "నేను పైకి సూడగల్ను."

ఆ మాటకు తాటిచెట్లు, తెడ్డు అన్నీ మర్చిపోయాను. పొడుగంతా వేసుకుని ఆయన పక్కనే నీళ్ళలో పడ్డాను, పడిన అలకు ఆయన కూడా మునిగారు. ఇద్దరం దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని లేచాం. నీళ్ళు నాకు ఛాతీ దాకా, ఆయనకు గొంతు దాకా. నేను వంగలేదు. ఆయన తల పైకెత్తి చూశారు.